ఉంగరాలత్తయ్య చేతికి పుల్ల చిక్కితే

మా మేనత్త చేతికి సన్నగా, పొడుగ్గా, గుండ్రంగా ఉన్న వస్తువేది చిక్కినా దానికి జుట్టు చుట్టేస్తుంది. ఇది జబ్బు కాదు, వృత్తి. కాకపోతే చూసేవాళ్లకి ఆ రెంటికీ తేడా తెలియదు. పెన్సిలు, అట్లకాడ, గరిటె కాడ, చీపురుపుల్ల, గొడుగు ఊచ, కర్టెన్ కడ్డీ, ఆఖరికి పళ్లు తోముకునే బ్రష్షు, ఏదైనా సరే. దేవుడు వీటన్నిటినీ జుట్టు చుట్టడానికే పుట్టించాడనీ, మనమే మధ్యలో దూరి వేరే పనులకి వాడేసుకుంటున్నామనీ ఆవిడ గట్టి నమ్మకం.

వీధిలో అందరూ ఆవిణ్ణి ఉంగరాలత్తయ్య అంటారు. వేళ్లకి ఉంగరాలు పెట్టుకుంటుందని కాదు, ఉంగరాల జుట్టువాళ్లకి సవరాలు కలిపి జడలు అల్లుతుందని. మా ఇంటి కింద వాటాలోనే ఆవిడ కొట్టు. ఒక అద్దం, రెండు కుర్చీలు, ఒక బెంచీ, పొయ్యి మీద ఎప్పుడూ మరుగుతూ ఉండే నీళ్ల గిన్నె. కొత్తవాళ్లు ఆ గిన్నె చూసి టీ కొట్టనుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంటారు. అత్తయ్య టీ ఇవ్వదు. దగ్గరికొచ్చి జుట్టు పట్టుకుని చూస్తుంది. వాళ్లు దణ్ణం పెట్టి బయటపడతారు.

తిన్నటి జుట్టుకి సవరం పెట్టడం ఎవరైనా చేస్తారు. ఉంగరాల జుట్టుతో అలా కుదరదు. బజారులో దొరికే జుట్టు నిటారుగా, నున్నగా ఉంటుంది. దాన్ని ఉన్నపళంగా ఉంగరాల్లో కలిపేస్తే కోళ్ల గంపలో కొంగ దూరినట్టే.

"సొంత జుట్టు అల్లరి పిల్లరా. బజారు జుట్టు బుద్ధిమంతురాలు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఎవరెవరో వీధి చివర్నుంచే తెలిసిపోతుంది. అందుకని ముందు బుద్ధిమంతురాలికి కాస్త అల్లరి నేర్పాలి" అంటుంది అత్తయ్య.

అల్లరి నేర్పడమంటే, బజారు జుట్టుని పాయలు తీసి, ఒక్కో పాయనీ పుల్లకి చుట్టి, దారంతో కట్టి, మరిగే నీళ్లలో ముంచి, ఆరాక పుల్లని లాగేయడం. ఉంగరం అలా నిలబడిపోతుంది. పుల్ల ఎంత లావుంటే ఉంగరం అంత లావు. మనిషి తల మీద ఏ రెండు ఉంగరాలూ ఒక్కలా ఉండవు కాబట్టి అత్తయ్యకి లోకంలో ఉన్న పుల్లలన్నీ కావాలి.

నాకు పెళ్లయిన కొత్తలో మా ఆవిడ ఒకరోజు పొద్దున్నే స్నానాలగదిలోంచి కెవ్వుమని కేక పెట్టింది. పరిగెత్తుకెళ్లాను. గోడకి జేరబడి, వేలితో చూపించింది. గ్లాసులో ఆవిడ బ్రష్షుంది. దానికి ఒత్తుగా, నల్లగా, నిగనిగలాడే జుట్టు మొలిచి ఉంది.

"ఏమండీ, నిన్న రాత్రి దానికి లేదు!"

కింద నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "అమ్మాయ్! దాన్ని తడపకు, ఇంకా ఆరలేదు!"

మా ఆవిడ ఆ రోజంతా పుట్టింటి ఫోన్ నంబరు వంకే చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి అత్తయ్య కొత్త బ్రష్షు తెచ్చి చేతిలో పెట్టి, "పాతది కాస్త సన్నం. ఇదైతే సరిగ్గా సరిపోతుంది" అంది. ఎవరికి సరిపోతుందో మా ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్రష్షుని బీరువాలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టింది.

మావయ్య కష్టం ఇంకోరకం. ఆయన కరెంటు మేస్త్రి. ఒక పెద్దమనిషి ఇంట్లో ఫ్యాను ఆగిపోతే వెళ్లి, నిచ్చెనెక్కి, కింద నిలబడ్డ ఆ పెద్దమనిషిని సంచీలోంచి స్క్రూడ్రైవర్ అందించమన్నాడు. ఆయన చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుని, "మేస్త్రీ, సంచీలో ఏదో ఉందయ్యా. బొచ్చుది" అన్నాడు. మావయ్య దిగొచ్చి చూస్తే ఉన్న స్క్రూడ్రైవర్లన్నీ తలనిండా ఉంగరాలతో, వరసగా పడుకుని ఉన్నాయి. ఒకటి పైకి తీశాడు.

"ఇవి పనిముట్లా, మీ పిల్లలా?" అని అడిగాడు పెద్దమనిషి.

మావయ్య ఇంటికొచ్చి గొడవపడ్డాడు. అత్తయ్య చెయ్యి కడుక్కుని తీరిగ్గా అంది: "ఫ్యాను బాగయిందా లేదా?" "అయింది." "జుట్టు పాడయిందా?" "లేదు." "మరింకేంటి నీ గోల?" మావయ్య ఆలోచించి, గోల ఏమిటో తనకే తోచక, అన్నం తిని పడుకున్నాడు.

అత్తయ్యకి మనుషులు మొహాలతో గుర్తుండరు, పుల్లలతో గుర్తుంటారు. "మొన్న పెన్సిలావిడ కనిపించింది." "ఆ గొడుగు ఊచ వాళ్లమ్మాయి పాసయిందట." ఇలా ఉంటుంది వరస. ఒకసారి బ్యాంకులో క్యూలో నిలబడ్డాం. మాకు ముందు ఒక అధికారి గారు, చూస్తేనే భయం వేసే మనిషి, గట్టిగా జడ బిగించుకుని నిలబడి ఉంది. అత్తయ్య వెనక నుంచి ఆ జడని చూసి చూసి, ఉండబట్టలేక భుజం తట్టింది.

"అమ్మా, ఏమీ అనుకోకండి. మీది చీపురుపుల్ల."

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది. నేను క్యూ వదిలేసి గోడ మీది వడ్డీరేట్లు చదవడం మొదలుపెట్టాను.

"ఏమన్నారు?"

"చీపురుపుల్లమ్మా. కానీ మెడ దగ్గర మాత్రం అట్లకాడ. మీకు పెట్టినవాళ్లెవరో తలంతా ఒకటే పుల్ల వాడేశారు. అందుకే అతుకు బయటపడుతోంది."

కొట్టేస్తుందనుకున్నాను. ఆ అధికారి గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నిజంగా కనబడుతోందా?" అంది. ఆ వారంలోనే మా కొట్టుకొచ్చింది. మా అట్లకాడ ఒకటి ఆ వారంలోనే పోయింది.

ఇంత గోల ఎందుకు, జుట్టు చుట్టే గొట్టాలు బజారులో దొరుకుతాయి కదా అని మీకు అనిపిస్తుంది. మాకూ అనిపించింది. వాటిని అమ్మే కుర్రాడొకడు పెట్టె నిండా రంగురంగుల గొట్టాలు పట్టుకుని కొట్టుకి వచ్చాడు కూడా. అత్తయ్య ఒక్కొక్కటీ వేళ్ల మధ్య దొర్లించి చూసి, పెట్టె మూత పెట్టి ఇచ్చేసింది.

"అన్నీ ఒకటే లావు బాబూ."

"కాదండీ, మూడు సైజులున్నాయి."

"మనుషులు మూడు సైజుల్లోనే ఉంటారా?"

వాడు నోరు తెరిచేలోగా అత్తయ్య వాడి జేబులోని పెన్ను లాగి వెలుతురులో పెట్టి చూసింది. వాడు పెన్ను వదిలేసి పెట్టెతో వెళ్లిపోయాడు.

వీటన్నిటికంటే మమ్మల్ని మండించేది ఇంకొకటుంది. ఈ పుల్ల ఎవరి కోసం తీశావని అడిగితే ఆవిడ చచ్చినా చెప్పదు. "గుండ్రంగా ఉంది కదా అని చుట్టాను" అంటుంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. వీధి వీధంతా ఆవిడకి కాస్త తిక్క అనీ, కాస్త చేతివాటం కూడా ఉందనీ అనుకునేది. నేను కూడా నలుగురిలో నవ్వేసేవాణ్ణి.

ఇలా ఉండగా ఒక వారం ఆవిడకి పూనకం వచ్చినట్టయింది. మా ఇంట్లో గరిటెలు మాయమయ్యాయి. మావయ్య సంచీ ఖాళీ అయింది. పక్కింటి సంగీతం మాస్టారి దగ్గరికి వెళ్లి, పాట వింటానని కూర్చుని, ఆయన కళ్లు మూసుకుని రాగంలో ఉండగా వేణువు పెట్టెలోంచి చిన్న వేణువు పట్టుకొచ్చేసింది. తెచ్చినవన్నీ చుట్టడం, ముంచడం, విప్పి చూసి పెదవి విరవడం, మళ్లీ వేటకి బయల్దేరడం. శనివారం మధ్యాహ్నం నా బల్ల మీది స్టీలు పెన్సిల్ కనబడలేదు.

నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఆ పెన్సిల్ లేకపోతే నాకు గీత పడదు. సోమవారం పొద్దున్న ప్లాను ఇవ్వాలి. మావయ్య చేతిలో పని ఉంది, స్క్రూడ్రైవర్ లేదు. మాస్టారి చేతిలో కచేరీ ఉంది, వేణువు లేదు. ముగ్గురం మెట్ల దగ్గర కలిసి, ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలని ఒట్టేసుకుని కొట్టు మీదికి దండయాత్రకి వెళ్లాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. అలా వేసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మావయ్య తోసేశాడు.

లోపల అద్దం ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మలుపు దగ్గర రొట్టెల కొట్లో పనిచేసే పిల్ల. తలకి గుడ్డ కట్టుకుని తిరగడం ఆ మధ్య చూశాను, కొత్త సోకు అనుకున్నాను. ఇప్పుడు గుడ్డ లేదు. తలకి ఒక పక్క మెడ దాటి ఉంగరాల జుట్టు, రెండో పక్క చెవి పైదాకా అడ్డదిడ్డంగా కత్తిరించేసి ఉంది. అద్దం కింద బల్ల మీద నా పెన్సిల్, మావయ్య స్క్రూడ్రైవర్, మా గరిటె, మాస్టారి వేణువు, ఒక్కొక్కటీ ఒక్కో నల్లటి పాయ చుట్టుకుని పడుకుని ఉన్నాయి.

మమ్మల్ని చూసి ఆ పిల్ల రెండు చేతులతో తల కప్పేసుకుంది. అత్తయ్యకి నిజంగా కోపం రావడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"తలుపు కొట్టి రావడం చేతకాదూ? మీ పుల్లలు మీ మొహాన కొడతాను, పొండి బయటికి!"

"పోనీలే అత్తా, వాళ్లూ చూసేశారు కదా. చెప్పేయ్" అంది ఆ పిల్ల నీరసంగా.

పిండి కలిపే మిషన్‌లో రెండు జడల్లో ఒకటి చిక్కుకుందట. పక్కనున్నవాళ్లు కరెంటు ఆపి, కత్తెర తెచ్చి జడ కోసేసి పిల్లని లాగారు. ఒంటి మీద గీత పడలేదు, జుట్టు పోయింది. జుట్టు పోతే పోయింది, మళ్లీ వస్తుంది. కానీ ఆ పిల్లని పెంచినది అమ్మమ్మ. ఆవిడకి చూపు లేదు. నెలకోసారి వచ్చి, మనవరాలి తల వేళ్లతో తడుముకుని వెళుతుంది. ఆ వేళ్లతోనే ఆవిడ చూడ్డం. మిషన్ల పని వద్దంటే వద్దని మొదట్నుంచీ మొత్తుకున్న మనిషి. సంగతి తెలిస్తే ఆవిడకి ఇక తిండీ నిద్రా ఉండవు. పిల్ల పని మానేయాల్సి వస్తుంది. రొట్టెలు కాల్చడమంటే ఆ పిల్లకి ప్రాణం. అమ్మమ్మంటే అంతకంటే ప్రాణం.

"ఎప్పుడొస్తోంది ఆవిడ?" అన్నాడు మావయ్య.

"సాయంత్రం బండికి."

"కళ్లతో చూసేవాళ్లనైతే ఎలాగోలా మాయ చేస్తాను. వేళ్లని మాయ చేయడం నాకింతవరకూ తెలీదు. ఈ పక్క జుట్టు చూసి ఆ పక్క జుట్టు చేస్తున్నా. నుదుటి దగ్గర పెన్సిల్ లావు, చెవి దగ్గర స్క్రూడ్రైవర్, వెనకాల వేణువు. వారం పట్టింది కనుక్కోడానికి" అంది అత్తయ్య.

మా దండయాత్ర అక్కడితో ముగిసింది. మొదట కదిలింది మాస్టారు. ఆయన వేణువు వైపూ, మరిగే గిన్నె వైపూ మార్చి మార్చి చూశాడు.

"చెల్లెమ్మా, దాన్ని ఆ నీళ్లలో ముంచుతావా?"

"ముంచాను మాస్టారూ. రెండుసార్లు."

మాస్టారు లాల్చీ చేతులు పైకి మడిచాడు. తర్వాత, "అయితే ఇంక దానికి పోయేదేముంది, మూడోసారి నేను ముంచుతా, ఇటివ్వు" అన్నాడు. మావయ్య దారాలు కట్టాడు. నేను ఆరిన పాయల్లోంచి పుల్లలు లాగాను. ఆ పని ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కాస్త తొందరపడితే ఉంగరం సాగిపోతుంది, అత్తయ్య చెయ్యి నెత్తి మీద పడుతుంది.

అత్తయ్య కలిపేటప్పుడు చూడాలి. ఆ పిల్ల మిగిలిన జుట్టులోంచి చిటికెడు తీసి అల్లిక మొదలుపెట్టి, రెండు అల్లికలయ్యాక సన్నటి పాయ ఒకటి లోపలికి జార్చి, ఇంకో రెండయ్యాక ఇంకొకటి. మొదట్లోనే లావుగా పెడితే ముడి చేతికి తగులుతుందట. అతుకు పడ్డ ప్రతిచోటా సొంత ఉంగరం ఒకటి పైకి లాగి వదిలేసింది. అన్నీ నీటుగా వచ్చాక, వెనక్కి నిలబడి చూసుకుని, వేలితో అక్కడక్కడా చెదరగొట్టేసింది. తర్వాత మా ముగ్గుర్నీ కళ్లు మూసుకోమని వరసగా తడమమంది. మావయ్యకి చెవి వెనక ఏదో తగిలింది. విప్పి మళ్లీ అల్లింది. ఈసారి ఎవరికీ ఏమీ తగల్లేదు.

చెయ్యి కడుక్కునేలోగా గుమ్మం దగ్గర చేతికర్ర చప్పుడయింది. బండి ముందే వచ్చేసింది. ముసలావిడ రొట్టెల కొట్టుకి వెళ్లి అడిగితే వాళ్లు ఇక్కడికి పంపారు. చిన్న మనిషి, చెక్కు చెదరని గొంతు. అత్తయ్య చూపు అలవాటు కొద్దీ ఆ చేతికర్ర మీదికి వెళ్లింది. నేను దాన్ని తీసుకుని నా వెనకాల దాచేశాను.

"ఏదే, ఎక్కడున్నావ్?"

"ఇక్కడే అమ్మమ్మా" అని ఆ పిల్ల ఎదురెళ్లి, బెంచీ మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని తల వంచింది.

ముసలావిడ ముందు పిల్ల చేతులు పట్టుకుని కాసేపు నిమిరింది. తర్వాత వేళ్లు తల మీదికి వెళ్లాయి. నుదుటి మీద పెన్సిల్ దాటాయి. చెవి వెనక స్క్రూడ్రైవర్ దగ్గర ఆగాయి. మావయ్య ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోయాడు. వేళ్లు కదిలాయి. వేణువు చుట్టూ తిరిగి, చివర్లకంటా జారి, మళ్లీ పైకొచ్చాయి. మాస్టారు కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. తన వేణువు అంత పెద్ద పరీక్షకి ఎప్పుడూ కూర్చోలేదు మరి.

"నూనె రాయడం మానేశావుటే? పీచులా ఉంది జుట్టు!" అంది ముసలావిడ.

కొట్లో నలుగురం ఒక్కసారి ఊపిరి వదిలాం. పిల్ల మొహం వెలిగిపోయింది. "రాస్తానమ్మమ్మా, రోజూ రాస్తా. ఉండు, నేను కాల్చిన రొట్టె తెస్తా" అంటూ గంతులేస్తూ బయటికి పరిగెత్తింది.

అడుగుల చప్పుడు దూరమయ్యాక ముసలావిడ మెల్లగా అడిగింది. "అమ్మాయీ, మిషన్‌లో పడ్డది జుట్టొక్కటేగా? ఇంకెక్కడా దెబ్బ తగల్లేదు కదా? వేళ్లయితే ముందే చూసుకున్నాను. పదీ ఉన్నాయి."

అత్తయ్య నోట వచ్చిన మొదటి మాట ఇది: "అతుకు తెలిసిపోయిందా?"

"లేదమ్మా, నీ చెయ్యి బంగారం. అతుకెక్కడుందో నాకిప్పటికీ తెలీదు."

"మరి?"

"ఆ పిల్ల ఎప్పుడూ నన్ను తల ముట్టుకోనిస్తుందా? అబ్బ, చిక్కు పడిపోతుంది అమ్మమ్మా, వదులూ, అని గింజుకుంటుంది. పట్టుకుని, కాళ్ల మధ్య బిగించి చూడాలి. ఇవాళ తనే వచ్చి, తల వంచుకుని, కిక్కురుమనకుండా కూర్చుంది. జుట్టుకేదో అయిందని అప్పుడే అనుకున్నా. ఇక దాని పని చోట జుట్టుకి ఏమవుతుంది, మిషను కాకపోతే?"

మావయ్య తల పట్టుకున్నాడు. అత్తయ్య వెళ్లి ముసలావిడ పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పింది. జుట్టు తప్ప ఏమీ పోలేదని ఒట్టు కూడా వేసింది. ముసలావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. భయం తగ్గాక నవ్వింది.

"దానికి చెప్పకండి. అదింత అవస్థపడి నా కోసం దాచింది. నేను కనిపెట్టేశానంటే దాని మనసు చిన్నబుచ్చుకుంటుంది. మీ అందరి కష్టమూ వృథా అయినట్టుంటుంది."

"పని మాన్పించేస్తావా పెద్దమ్మా?" అడిగింది అత్తయ్య.

"ఏం చెప్పి మాన్పించను? నాకేం తెలీదుగా" అంది ముసలావిడ.

వీధి జనం చేత పుల్లల దొంగ అనిపించుకుని, ఎవరి గుట్టూ పెదవి దాటనివ్వని మా అత్తయ్య, తనకంటే గట్టి మనిషి ఒకరు దొరికినందుకు ఆ ముసలావిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఆ పుల్లల వెనక ఎందరు తలలు కప్పుకుని ఈ తలుపు చాటున కూర్చుని ఉంటారో అనుకుంటే నాకు సిగ్గేసింది, అత్తయ్య మీద ముద్దూ వచ్చింది.

పిల్ల రొట్టెతో తిరిగొచ్చింది. ముసలావిడ ముక్క తుంచి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, ఏమీ తెలియనట్టు అంది:

"బానే కాల్చావు. ఒసేయ్, ఇంత జుట్టేసుకుని మిషన్ల మధ్య తిరుగుతున్నావు కదా, ముడేసుకుని పైన గుడ్డ గట్టిగా కట్టుకోవే. ఎందుకైనా మంచిది."

ఆ పిల్ల మా వైపు దొంగచూపు చూసి, "అలాగే అమ్మమ్మా, రేపట్నుంచి తప్పకుండా" అంది.

"రేపట్నుంచి కాదు, ఇవాళ్టి నుంచి" అని ముసలావిడ ఇంకో ముక్క తుంచి, మా నలుగురికీ తలా కొంచెం పెట్టింది.